ఆవిరి ప్రయోగానికి ఒక మనిషి

కామేశ్వరరావుగారు ఏ వస్తువు అడిగినా కాదనరు. అది ఎలా పనిచేస్తుందో చెప్పకుండా మాత్రం చేతికివ్వరు.

డెబ్బై ఆరులో అరబ్బు దేశపు సీబ్‌లో విల్లాలు కట్టే ఒక కంపెనీకి ఆయన స్టోర్‌కీపరు. మేస్త్రి పెద్దులు ఒకసారి రసమట్టం కోసం వెళ్లాడు. అందులో బుడగ మధ్యకే ఎందుకొస్తుందో విని బయటపడేసరికి, కలిపి పెట్టుకున్న సిమెంటు గట్టిపడిపోయింది. ఆయన వెంటపడి వచ్చి, "అది ఎండి గట్టిపడదయ్యా, నీళ్లు తాగి గట్టిపడుతుంది!" అంటూ ఆ కథా చెప్పారు. ఇంట్లో భార్య శేషుకుమారిగారు, "టీ ఎలా చల్లారుతుందో మాకు తెలుసు, ముందు తాగండి" అంటూ కప్పు అందించేవారు.

జగిత్యాల నుంచి వచ్చిన కూలీ నర్సయ్య అయితే పార కావాల్సినా స్టోరుకు పోడు. చేతుల్తోనే ఇసుక తోడేస్తాడు.

జూన్ నెల ఒక మధ్యాహ్నం నర్సయ్యకు కళ్లు తిరిగాయి. అంతకుముందు ఎండకు పడిపోయిన ఇంకో కూలీని కంపెనీ 'అన్‌ఫిట్' అని ఇంటికి విమానం ఎక్కించేసింది. అది గుర్తొచ్చి నర్సయ్య గబుక్కున స్తంభాన్ని కావలించుకున్నాడు. అంతలో ఫోర్‌మన్ ఫజల్ రానే వచ్చాడు.

"అరె నర్సయ్యా, ఏం జేస్తున్నవ్?"

"నిట్టగున్నదా అని చూస్తున్న సాబ్."

"స్తంభమా? నువ్వా?"

వెనకనుంచి కామేశ్వరరావుగారి గొంతు వినిపించింది. "ఫజల్! నాకో మనిషి కావాలి. ఆవిరి ప్రయోగానికి. ఇదిగో, ఇతను చాలు."

ఫజల్ నెత్తి కొట్టుకున్నాడు. ఎండదెబ్బకు తోడు సారు దెబ్బా అని నర్సయ్య ప్రాణం ఉసూరుమంది.

స్టోరులో నర్సయ్యను చెక్కపెట్టె మీద కూర్చోబెట్టి, తడి గోనె కప్పి, పంకా వేసి, ఉప్పు కలిపిన మజ్జిగ నోటికందించారు.

"ఇదెందుకు సార్?"

"ప్రయోగంలో భాగం. తాగు."

ఫజల్ జారుకోబోయాడు. ఆయన చొక్కా పట్టి ఆపారు. "నువ్వూ పోతే ఎవరికి చెప్పను? నీళ్లు ఆవిరై పోతూపోతూ ఒంట్లో వేడిని చంకనెత్తుకుపోతాయి. సముద్రపు గాలిలో ముందే తేమ నిండి ఉంటుంది గనక ఆవిరికి చోటు దొరకదు. పంకా ఆ గాలిని నెట్టేసి కొత్త గాలి తెస్తుంది..."

ఫజల్ రెండుసార్లు ఆవులించాక నర్సయ్య నోరు విప్పాడు. "సార్, చలి పెడ్తున్నది."

"రుజువైంది!" కామేశ్వరరావుగారు చప్పట్లు కొట్టారు.

ఫజల్ నర్సయ్యను ఎగాదిగా చూశాడు. "ఇంతమందుంటె వీణ్నే ఎందుకు దెచ్చిన్రు సార్?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. "చల్లబడ్డం చూపించాలంటే, అందరిలోకీ వేడిగా ఉన్నవాణ్నే తేవాలి కదయ్యా."

నర్సయ్య ఫజల్ నోటివంక చూశాడు. ఆ మాట ఇప్పుడే వస్తుంది: అన్‌ఫిట్.

ఫజల్ టోపీ సర్దుకున్నాడు. "సగంల ఆపితె ప్రయోగం ఖరాబైతది. డ్యూటీ అయ్యేదాంక కానియ్యిండ్రి." అనేసి వెళ్లిపోయాడు.

నర్సయ్య చేతులు జోడించాడు. "సార్, మీ కాళ్లు మొక్కుత..."

"కాళ్ల సంగతి తర్వాత. ఈ పంకా ఎలా తిరుగుతుందో తెలుసా?"

నర్సయ్య గోనె మెడదాకా లాక్కుని, ఆ స్టోరులో అంతవరకు ఎవరూ అనని మాట అన్నాడు.

"తెల్వదు సార్. జర నిమ్మళంగ చెప్పుండ్రి."