అత్తకు నేర్పిన మాటలు

ఇప్పుడు నేను సినిమాలకు మాటలు రాస్తున్నాను. రెండు చిన్న సినిమాలు నేనే తీశాను. మొదటిది గుడియాత్తంలో, మా మేనత్త మగ్గం ముందే తీశాను.

అంతకు ముందు రాసినవన్నీ వేలూరులో నా గది దాటలేదు. నలుగురి ముందు నోరు విప్పాలంటే నాకు చెమటలు పట్టేవి. రాసిస్తే చాలు, నటించేవాళ్లే చదువుకుంటారులే అనుకున్నాను. కానీ తమిళనాడులో ఉండే మా ఇళ్లలో తెలుగు నోటి వరకే. అత్తకు చదవడం వచ్చింది తమిళమే. అందుకని ఒక్కో మాటా నేనే చదివి వినిపించాను. ఆమె నేస్తూనే అన్నీ నోటికి పట్టేసింది.

కెమెరా ఒక్క రోజుకే దొరికింది. ఆ రోజు తీయాల్సిన సీను పండకపోతే సినిమాయే లేదు. లుంగీల నేత బాగలేదని షావుకారు వంక పెడతాడు, నేసిన మనిషి ఎదురు తిరుగుతుంది. షావుకారు వేషం మామది, నేసిన మనిషి వేషం అత్తది.

అత్త లుంగీ పట్టుకుని, తల వంచి, వినీ వినపడనట్టు అంది. "బాగలేకపోతే ఈడే పెట్టండి. నా బిడ్డ కట్టుకుంటాడు."

వీధి కొళాయి దగ్గర జగడాల్లో ఆమె గొంతు విన్నవాళ్లెవరూ నమ్మరు. మళ్లీ తీశాం. మళ్లీ అంతే.

తొరపాడి నుంచి వచ్చిన కెమెరా అబ్బాయి కిటికీ వైపు చూశాడు. "అక్కా, వెలుతురు పోతా ఉండాది."

"అత్తా, కొంచెం కోపంగా చెప్పవా?"

"నువ్వు ఎట్ల చెప్పినావో అట్లే చెప్తా ఉండాను కదే! తల వంచుకోని, నేలకు చెప్పినట్ల. ఆ వేషమే అట్లని అనుకుంటి."

మామ పకపకా నవ్వాడు. "నేనూ అదే అనుకుంటి. ఇంత పిరికిది నా మీదికి ఎట్ల వస్తాదబ్బా అని!"

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గోడ మీది ఎండ సన్నబడుతోంది. అత్త చేతిలోని లుంగీ తీసుకుని మామ ఎదుట నిలబడ్డాను. తల ఎత్తి ఆయన కళ్లలోకి చూశాను. ఆ తర్వాత అరిచాను.

"బాగలేకపోతే ఈడే పెట్టండి!"

పక్కింటి మగ్గం ఆగిపోయింది. "ఏమ్మా, ఎవురితో జగడం?" అని గోడవతల నుంచి అడిగారు.

"జగడం లేదు, మా పాప సినిమా!" అని అత్త అంతకన్నా గట్టిగా అరిచి, లుంగీ లాక్కుంది. "ముందే ఇట్ల చెప్పింటే పొద్దన్నే అయిపోయుండును."

ఈసారి ఆమె అన్న తీరుకు మామ నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. కెమెరా అబ్బాయి తల ఎత్తకుండానే చెయ్యి ఊపాడు. సీను వచ్చేసింది.

ఇంకా కాస్త ఎండ ఉంది.

"తర్వాతది ఎట్ల, చెప్పు," అంది అత్త.

మాటలు రాసిన కాగితం మగ్గం మీద పెట్టేసి, మళ్లీ మామ ఎదుట నిలబడి చెప్పాను.