సత్యవాణి ఆంటీ వెతికిన తాత

సత్యవాణి ఆంటీ పది నిమిషాలు ఒకచోట కూర్చోగా నేను చూడలేదు. 2001లో సింగపూర్‌లోని బెడోక్‌లో ఆమె ఫ్లాట్‌లోనే ఒక గది అద్దెకు తీసుకున్నాను. మా సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఎవరి కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలియని రోజులవి. ఇంటికొచ్చి కాస్త తెరిపిన పడదామంటే, ఇక్కడ ఈవిడ కాలుగాలిన పిల్లిలా తిరుగుతూ ఉండేది.

ఆంటీ ఊరికే తిరగడం లేదు. పాత క్రైస్తవ శ్మశానాన్ని తవ్వి అక్కడ ఫ్లాట్లు కడతారని పేపర్లో నోటీసు పడింది. జూన్ ముప్పైలోగా బంధువులెవరూ రాకపోతే ఆ అస్థికలు దహనం చేసి సముద్రంలో కలిపేస్తారట. ఆమె తాత సమాధి అందులోనే ఎక్కడో ఉంది. ఎక్కడన్నది తెలియదు. పేరూ తెలియదు.

"పేరు తెలియకుండా ఎలా వెతుకుతాం ఆంటీ?" అన్నాను విసుగ్గా.

"అమ్మ చెప్పలేదు లా. నాకు సెవెన్ ఇయర్స్ అప్పుడే పోయింది. తాతని ఒంటరిగా వదలొద్దు అంది, అంతే," అంది, అక్కడివాళ్ల అలవాటు ప్రకారం మాట చివర 'లా' తగిలిస్తూ.

ఆ అమ్మ పేరు సూరమ్మ. ఆంధ్రాలో ఎక్కడో సముద్రం పక్క ఊరినుంచి చిన్నతనంలో ఓడెక్కి వచ్చింది. ఆమె పోయాక ఆంటీని పెంచింది తమిళం మాట్లాడే తండ్రి తరఫువాళ్లు. అందుకే ఆంటీ తెలుగు, తమిళంలో వండి తెలుగు తాలింపు పెట్టినట్టుండేది. ముప్పై ఏళ్లు రేడియోల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైంది. భర్త లేడు, పిల్లలు లేరు, పెంచినవాళ్లూ పోయారు. ఇంత ఊళ్లో నా రక్తం అని చెప్పుకోవడానికి ఆ సమాధి ఒక్కటే మిగిలింది.

ఆరు శనివారాలు చర్చి ఆఫీసుకు వెళ్లాం; అది తెరిచేది ఆ ఒక్కరోజే. గొలుసుకట్టు ఇంగ్లీషు చదవడానికి నేను. తాత పోయింది 1923లోనని మాత్రం ఆంటీకి తెలుసు. రిజిస్టర్లో మన తెలుగువాళ్ల పేర్ల పక్కన 'తెలింగ' అని ఉంటుంది. ఆ ఏడాది అలాంటి మగవాళ్లు ముగ్గురే. ఇద్దరు పసివాళ్లు, మూడోవాడికి పదిహేనేళ్లు. ఆంటీ నమ్మలేదు. ముందు ఏడాదీ తర్వాతి ఏడాదీ కూడా తిరగేయించింది. ఆడపేరు కనిపిస్తే వేలితో దాటేసేవాళ్లం.

జూన్ ఇరవై ఎనిమిది సాయంత్రం మా ఊరినుంచి నాకు ఫోనొచ్చింది. ఆంటీ హాల్లో చిక్కుళ్లు ఒలుస్తోంది.

"అప్పా! బాగున్నావేటి? బుల్లోడికి జొరం తగ్గినాదా?" అన్నాను.

పెట్టేశాక ఆంటీ అడిగింది. "మీ ఫాదర్ ఓకేనా?"

"నాన్న కాదాంటీ, అక్క."

"అప్పా అన్నావే? తమిళ్‌లో ఫాదర్ కదా?"

"మా శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం," అన్నాను సిగ్గుపడుతూ. హైదరాబాద్‌లో రూమ్మేట్లు నవ్వారని ఆ మాట నలుగురి ముందు మానేశాను. అప్ప దగ్గర తప్ప నోట రాదు.

ఆంటీ చేతిలో చిక్కుళ్లు అలాగే ఉండిపోయాయి. లేచి లోపలికెళ్లి, గుడ్డలో చుట్టిన సూరమ్మ బైబిలు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. చివరి పేజీలో తెలుగులో, వంకర అక్షరాలతో, 'అప్ప 1923' అని ఉంది.

"అమ్మ అన్నది కూడా ఇదే," అంది ఆంటీ. "'అప్పని ఒంటరిగా వదలకు' అంది. నేను తమిళ్‌లో విన్నాను రమణా. అమ్మ వాళ్ల నాన్న అనుకున్నాను."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పనందుకు ఆమె మీద, మా ఊరి మాటను దాచుకు తిరిగినందుకు నా మీద. గడువు శనివారమే, మధ్యలో ఒక్క రోజే ఉంది.

శనివారం ఆఫీసు తలుపు తెరవకముందే మెట్ల మీద ఉన్నాం. పది నిమిషాల్లో దొరికింది. ఎన్నిసార్లు దాటేశామో ఆ వరసని! మార్త, తెలింగ, ఆయా పని, ఇరవై రెండేళ్లు, పెళ్లి కాలేదు. దగ్గరి బంధువు: చెల్లెలు సూరమ్మ, తొమ్మిదేళ్లు. పక్కన బుల్లి వేలిముద్ర. అంతా చదివి వినిపించాను. ఆ పిల్లకి ఇంకెవరున్నారు?

గుమాస్తా దరఖాస్తు ఇచ్చాడు. అందులో చనిపోయినవారితో బంధుత్వం రాయాలి. ఆంటీ పెన్ను పట్టుకుని నా వైపు చూసింది.

"అమ్మ అక్కని తెలుగులో ఏమంటారు?"

"పెద్దమ్మ."

ఆమె ఆ మాటను రెండుసార్లు పైకి అనుకుంది. ఇంగ్లీషు అక్షరాల్లో అదే రాసింది. బంధువులు వచ్చినా దహనం చేసి బూడిదే చేతికిస్తారని, తవ్వకానికీ దహనానికీ తేదీ బుధవారమని గుమాస్తా చెప్పగానే పెన్ను కింద పెట్టేసి, అందరి ముందూ భోరుమంది.

"ఇప్పుడే కదా నాకు పెద్దమ్మ దొరికింది! బుధవారమే కాల్చెయ్యాలా?"