డెల్మర్ కోసిన వెంట్రుకవాసి

ఒహాయోలో మా ఊరంత చిన్న ఊరు ఇంకోటి చూపిస్తే నా పికప్ ట్రక్కు రాసిచ్చేస్తాను. ఇంత చిన్న ఊళ్ళో అంత పెద్ద మనిషి ఎలా పట్టాడో గానీ, డెల్మర్ క్రాట్జ్ ఇక్కడే ఉన్నాడు. ఉద్యోగమున్నన్నాళ్ళూ పాల ఫ్యాక్టరీలో సీసాలకు మూతలు బిగించాడు. బాగానే బిగించాడు. దాని గురించి గొప్పలు చెప్పుకుని ఉంటే ఓపిగ్గా వినేవాణ్ణి. ఆయన గొప్పంతా ఒక అట్టముక్క గురించి.

అది బేస్‌బాల్ కార్డు. ఎప్పుడో యాభైల్లో బబుల్‌గమ్ పొట్లంలో పిల్లలకు ఊరికే వచ్చింది. క్లెట్ బ్రానిగన్ అనే ఆటగాడు పెద్ద జట్టులో అడుగుపెట్టిన తొలి ఏడాది బొమ్మ. అప్పటి పిల్లలు వాటిని సైకిలు చువ్వలకు బిగించి టపటపలాడిస్తూ తిరిగారు. మిగిలినవి తల్లులు చెత్తలో పారేశారు. అందుకే ఇప్పుడు దొరకవు. దొరకనిదానికల్లా విలువ ఉంటుందంటే డెల్మర్ బుర్రకూ ఉండాలి.

ఆ కార్డుకు ఇంట్లో ప్రత్యేకంగా ఒక గది, ఆ గదికి ఏసీ. భార్య లొరీన్ మాత్రం ఆగస్టు ఉక్కలో ఫ్రిజ్ తలుపు తీసుకుని నిలబడేది. కార్డు చూడాలంటే చేతులు కడుక్కోవాలి, తొడుగులు వేసుకోవాలి, తుమ్మొస్తే బయటికి పరిగెత్తాలి. ఒకసారి నేను పక్క జిల్లాకు పోయి తుమ్మి వచ్చాను. అబద్ధమైతే బడి ఎగ్గొట్టి సంపాదించిన నా నోరు పడిపోవుగాక!

ఏటా వసంతంలో ఫైర్‌స్టేషన్ హాల్లో కార్డుల సంత జరుగుతుంది. గుమ్మం దగ్గర గాజుపెట్టెలో ఆ ఏటి మేటి కార్డు, పక్కనే కుర్చీలో దాని యజమాని. ఆ కుర్చీలో డెల్మర్ ఏళ్ళ తరబడి వేళ్ళూనుకుపోయాడు. తనది మచ్చలేని బ్రానిగన్ అని తనే అన్నాడు. ఎవరూ కాదనలేదు, ముట్టుకోనిస్తే కదా! ఈసారి సంత పెద్దలు షరతు పెట్టారు. కార్డులకు మార్కులు వేసే కంపెనీకి పంపి, పరీక్ష చేయించి, ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేయించి, పదికి ఇన్ని అని మార్కులు తెచ్చుకున్న కార్డుకే గాజుపెట్టె. డెల్మర్ కుర్చీ ఉంటుందా ఊడుతుందా అన్నది ఇక ఆ మార్కుల చేతిలో ఉంది.

లొరీన్ తమ్ముడు వర్జిల్ దగ్గరా ఒక బ్రానిగన్ ఉంది. చిన్నప్పుడు సైకిలుకు బిగించినదే. కుక్క నమిలిన చెప్పులా ఉంటుంది. ఆదివారం భోజనాల దగ్గర అతనే ఆ మాట కదిపాడు.

"బావా, నీదానికి పదికి పదేనా?"

"పదకొండు లేదు కాబట్టి పది."

"కింద ఎడమ మూల కాస్త మొద్దుబారినట్టుందే. పోయినేడు గాజులోంచి చూశాలే."

"మొద్దుబారింది నీ కళ్ళు. అద్దాలు మార్చుకోరా!"

"ఉన్నదున్నట్టు పంపితే పోలా?" అంది లొరీన్. "అరవయ్యేళ్ళ కార్డుకు మూల అరగదా? నీ మోకాళ్ళు అరగలేదూ?"

"నీకు తెలీదు, ఊరుకో!"

వాళ్ళు భోజనాల బల్ల దగ్గర్నుంచి లేచీ లేవకముందే డెల్మర్ భూతద్దం తీశాడు. మూల నిజంగానే అరిగింది. స్టీలు స్కేలు ఆనించి, రేజరు బ్లేడుతో ఆ అంచు పొడవునా వెంట్రుకవాసి కోసేశాడు. మూల ముల్లులా నిలబడింది. లొరీన్ తలుపు సందులోంచి అంతా చూసిందట.

"గడ్డం కూడా ఎప్పుడూ అంత శ్రద్ధగా గీసుకోలేదయ్యా!" అంది నాతో.

"మరి ఆపలేదేం?"

"నన్ను ఊరుకోమన్నాడుగా. ఊరుకున్నా."

మూల అరిగితే మార్కులు తగ్గుతాయంతే. అంచు కోస్తే అసలు మార్కులే వేయరు. పరీక్ష చేసేవాడు ముందు పెట్టేదే స్కేలు. ఇది ఈ సంతలో పాలుతాగే పసివాడికీ తెలుసు. కోసిన కార్డును వాసనతో పడతానని ఏటా కొత్తవాళ్ళకు పాఠం చెప్పిన మహాపండితుడే ఈ పని చేశాడు!

సంతరోజు పొద్దున అందరి ముందూ కంపెనీ నుంచి తిరిగొచ్చిన పార్శిళ్ళు విప్పారు. వర్జిల్ కార్డుకు రెండు మార్కులు. డెల్మర్ డబ్బా మీద అంకె లేదు. 'అంచు కోసినది' అని మాత్రం ఉంది.

"సున్నా వచ్చిందా బావా?"

డెల్మర్ డబ్బా తిరగేసి వెనకవైపు అంకె వెతికాడు.

"సున్నా కూడా అంకేగా. నీకు అదీ ఇవ్వలేదు!" వర్జిల్ కాసేపు పగలబడి నవ్వి, తర్వాత జాలిపడ్డాడు. అది ఇంకా ఘోరం. "ఆ మూల అలాగే వదిలేస్తే ఎనిమిదొచ్చేది కదయ్యా!"

తక్కిన బల్లల మీదున్నదంతా చిల్లర సరుకు. దాంతో నమిలిన చెప్పే గాజుపెట్టెలోకి వెళ్ళింది. వర్జిల్ కుర్చీలో కూలబడి, గాజు మీద పులిసిన క్యాబేజీ రసం కారుస్తూ సాసేజి తిన్నాడు.

ఇంకొకడైతే సిగ్గుతో ఇంటికి పోయేవాడు. డెల్మర్ జేబులోంచి స్టీలు స్కేలు తీసి బల్లబల్లకూ తిరిగాడు.

"ఇదిగో, నీదీ వెంట్రుకవాసి ఎక్కువుంది. నీదీ అంతే. అప్పటి అచ్చులో కార్డులన్నీ పెద్దవిగా కోశారు. సరైన కొలత నాదొక్కటే!"

"అవును డెల్మర్" అన్నారు అందరూ, కుక్కను బుజ్జగించినట్టు.

లొరీన్ ఆ వారమే తన మంచం ఏసీ గదిలోకి జరిపించుకుంది. బ్రానిగన్ ఇప్పుడు వంటింట్లో రొట్టెల డబ్బా మీద ఉంది. దాని దగ్గర ఎవరైనా తుమ్మొచ్చు. నేను అప్పుడే రెండుసార్లు తుమ్మాను.