జగన్నాధం చింతపిక్కల లెక్క

నరసన్నపేటలో హైవే పక్కన రేకుల షెడ్డు వేసుకున్న జగన్నాధానికి ముప్ఫై ఏళ్లుగా రెండు పేర్లు. బోర్డు మీద ఉన్నది జగన్నాధం మెకానిక్. జనం నోట్లో ఉన్నది అనుమానం జగన్నాధం. రెండో పేరు చెబితేనే ఆటోవాడు సరైన చోట దింపుతాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. చేపల బజారుకు వెళ్తే ప్రతి బుట్టలోనూ మొప్ప ఎత్తి చూడందే కొనడు. కొత్త బోల్టుల డబ్బా విప్పితే ఒక్కొక్క బోల్టుకీ నట్టు ఎక్కించి చూసుకుంటాడు. వరిచేలు వదిలి శ్రీకాకుళంలో పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఆయిలు పోశానని ఎవడో చెబితే నమ్మి ఒక లారీ స్టార్టు చేశాడు. ఇంజను అక్కడికక్కడే పట్టేసింది. అబద్ధమాడినవాడు తప్పించుకున్నాడు. నమ్మినవాణ్ని మేస్త్రీ మూడు నెలలు పానా ముట్టుకోనివ్వలేదు. ఆ మూడు నెలల్లో జగన్నాధానికి ఎదుటివాడి మాట మీద గురి పోయింది. మళ్లీ రాలేదు.

ఇలాంటి మనిషితో ఈశ్వరి ఎలా నెట్టుకొస్తోందో ఆ దేవుడికే తెలియాలి. తల్లీ తండ్రీ పోయాక ఆమెకు పుట్టింటివాడంటూ మిగిలింది తమ్ముడు దేవేంద్ర ఒక్కడే. అతనిది కోటబొమ్మాళి. సీతంపేట వైపు కొండ సంతలకు జీపు తోలుతాడు. పాత జీపు. వెళ్లేటప్పుడు మనుషులు, వచ్చేటప్పుడు అనాసపళ్లు. సగం కొండ ఎక్కేసరికి ఇంజను నీరసించేది, ఎక్కినవాళ్లే దిగి తోసేవారు. విసిగిపోయి కొత్తవలసలో పాత సామాన్ల యార్డు నుంచి బలమైన ఇంజను ఒకటి తెచ్చి బావ షెడ్డులో దింపాడు.

"ఇది బిగించీ బావా. ఇంకేటీ అక్కర్నేదు."

"ఇంకేటీ అక్కర్నేదని నీకెవుడు సెప్పాడ్రా?" అన్నాడు జగన్నాధం. "ఈ ఇంజను బలం ఎక్కడికెల్తాది? గేరుబాక్సులోకి. నీ పాత గేర్ల పళ్లు ఆ దెబ్బకి ఆగవు. ఆగినా, ఎనక యాక్సిలు ఇరిగిపోతాది. కొండ మీద ఇరిగితే జీపు ఎనక్కొస్తాది. అందులో జనం ఏటయిపోతారు?"

"అయితే గట్టి యాక్సిలు ఏదోటి ఎయ్యి."

"ఏదోటి కాదురా. నీ పాతది నీరసం ఇంజనుకి సేసింది. గేరుబాక్సు నుంచొచ్చే షాఫ్టు అయిదు సుట్ల మీద తిరిగితే గాని సక్రం ఒక సుట్టు తిరగదు. ఈ ఇంజనుకి అదే ఉంచితే అరుపే గాని పరుగుండదు. నాలుగు సుట్లది కావాల. మరీ తగ్గితే మల్లీ కొండెక్కదు. ఈ ఇంజను ఏ బండిదో, ఆ బండి గేరుబాక్సూ యాక్సిలే ఎతికి తే."

దేవేంద్ర మళ్లీ కొత్తవలస వెళ్లి వారంలో రెండూ తెచ్చాడు. అదే బండివి, తన కళ్ల ముందే ఊడదీశారని చెప్పాడు. జగన్నాధం తలూపాడు. ఆ తలూపడం చూస్తే చాలు, నమ్మలేదని ఈశ్వరికి అర్థమైపోతుంది.

గేరుబాక్సు పరీక్షకు నిలిచింది. క్లచ్చు ప్లేటు దాని షాఫ్టు మీద సాఫీగా జారింది, లోపల పళ్లు కూడా బాగున్నాయి. యాక్సిలు దగ్గర వచ్చింది చిక్కు. దాని మూత మీద యార్డువాడు ఎర్రరంగు గీత పూశాడు. గీత తెగితే సరుకు వెనక్కి పుచ్చుకోడు. మూత తెరవకుండా లోపలి లెక్క తేల్చాలంటే జగన్నాధానికి తన పద్ధతి ఒకటి ఉంది. యాక్సిలును స్టాండ్ల మీద ఎత్తి, ఒక పక్క చక్రం తగిలించే డ్రమ్మును కదలకుండా తాడుతో కట్టేస్తాడు. రెండో డ్రమ్మును చేత్తో ఇరవై చుట్లు తిప్పుతాడు. ఒక పక్క కట్టేసి ఉంది కాబట్టి అవి పది కింద లెక్క. మధ్యలో షాఫ్టు తగిలించే బిళ్ల మీద సుద్దగీత గీస్తాడు. అది పైకొచ్చినప్పుడల్లా ఈశ్వరి గిన్నెలో ఒక చింతపిక్క వెయ్యాలి. తన నోటి లెక్కను కూడా జగన్నాధం నమ్మడు మరి. ఆ కాసేపూ ఎవరూ నోరు మెదపకూడదు, మాటల్లో పడి పిక్క తప్పిపోతుందని భయం.

యార్డువాడు చెప్పిన ప్రకారం, చుట్టుకు నాలుగు పైచిలుకు చొప్పున, నలభై ఒక్క పిక్కలు పడాలి. ముప్ఫై ఆరే పడ్డాయి.

జగన్నాధం గిన్నె రెండుసార్లు ఒంపి చూశాడు. మొహం నల్లబడింది.

"పైన పెద్ద బండి డొప్ప, లోపల సిన్న కారు పళ్లు. ఎవుడి కళ్ల ముందర ఊడదీసార్రా ఇది?"

"నా కళ్ల ముందరే బావా. ఒట్టేసి సెప్తన్నాను."

"అయితే నీ కళ్లకి గంతలు కట్టారు. నేదా, నువ్వే నాకు కడతన్నావు. మల్లీ ఎతకడానికి బద్ధకమేసి, దొరికింది తెచ్చి అదే బండిదంటన్నావు."

దేవేంద్ర నలభై ఏళ్ల మనిషి, కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా జీపులో ఎక్కేది నా ఊరోల్లే బావా. ఆలని సంపుకోడానికి తెచ్చానా ఇది? నీ గుమ్మం ఇంక తొక్కను. అక్కని సూడాలంటే అదే వస్తాది."

విసురుగా వెళ్లిపోయాడు. జగన్నాధానికి ఇంకా కోపం చల్లారలేదు. తప్పు చేసినవాడే ముందు అలుగుతాడని గొణుక్కుంటూ చేతులు తుడుచుకున్నాడు. ఈశ్వరి మాత్రం గిన్నె ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఉన్న ఒక్క తమ్ముడూ తెగిపోయాడు. తాడు వైపు చూస్తూ అడిగింది.

"మావా, ఆ కట్టేసిన డ్రమ్ము తిరగొచ్చా?"

"తిరక్కూడదు. అది ఎనక్కి తిరిగితే పిక్కలు తగ్గిపోతాయి. ఏం?"

"తిరిగిందిగా. నువ్వు ఇటు తిప్పినప్పుడల్లా అది తాట్లోంచి అటు జారింది. నేను సూస్తనే ఉన్నాను."

"మరి సెప్పవేటే!"

"నోరు మెదపొద్దన్నావు."

జగన్నాధం లేచి వెళ్లి తాడు పట్టుకు చూశాడు. డ్రమ్ము మీద గ్రీజు తుడవలేదు. తాడు లోపలివైపంతా నల్లగా నునుపెక్కి ఉంది. బోల్టునూ చేపనూ బావమరిదినీ పరీక్ష పెట్టినవాడు, తను వేసిన ముడిని ఒక్కసారి లాగి చూసుకోలేదు.

"అందరి మీదా ఉన్నాది నీకు అనుమానం," అంది ఈశ్వరి. ఏడుస్తూనే అంది. "నీ కట్టు మీద ఎందుకు నేదు?"

జగన్నాధం ఫోను చేశాడు. దేవేంద్ర ఎత్తలేదు. మళ్లీ చేస్తే కట్ చేశాడు. జగన్నాధం చొక్కా కూడా మార్చుకోకుండా కోటబొమ్మాళి బస్సెక్కాడు.

దేవేంద్ర ఇంటి అరుగు మీద ఉన్నాడు. లేవలేదు, కూర్చోమనలేదు.

"ఏటి బావా, ఇంకా ఏదైనా అనుమానం మిగిలిపోయిందేటి?"

"మిగిలింది," అన్నాడు జగన్నాధం వాకిట్లోనే నిలబడి. "నా మీద. తాడు జారింది. పళ్లు కారువో కాదో నాకు తెల్దు. నువ్వొచ్చి డ్రమ్ము పట్టుకుంటే గాని తేల్దు. మీ అక్క అన్నం తిన్నేదు."

చివరి మాట లేకపోతే దేవేంద్ర కదిలేవాడు కాదు.

సాయంత్రం షెడ్డులో మళ్లీ లెక్క మొదలైంది. జగన్నాధం డ్రమ్ము మీద గ్రీజు తనే శుభ్రంగా తుడిచాడు. దేవేంద్ర చతికిలబడి దాన్ని రెండు చేతులా కావలించుకున్నాడు. ఈశ్వరి పిక్కలు పట్టుకుని కూర్చుంది.

"ఏది కదిలినా గట్టిగా అరువు," అన్నాడామెతో జగన్నాధం.

ఏదీ కదలలేదు. ఇరవయ్యో చుట్టు పూర్తయ్యాక ఆమె గిన్నె ఒంపి, ఒక్కొక్కటే పైకి లెక్కపెట్టింది. నలభై ఒకటి.

జగన్నాధం చెయ్యి డ్రమ్ము మీదే ఉండిపోయింది. బావమరిది మొహం వైపు చూడడానికి అతనికి సిగ్గేసింది.

"ఇంక వదిలీరా," అన్నాడు నేల చూస్తూ. "నీది నిజమే. తప్పు నాది."

దేవేంద్ర వదల్లేదు. చొక్కానిండా మరకలతో అలాగే పట్టుకుని అన్నాడు:

"ఇంకోసారి తిప్పు బావా. నాకూ అనుమానంగానే ఉన్నాది."