నల్లమ్మ గుదికాలు

కుందుర్పి మండలంలో చింతచెట్టు ఎక్కే ఆడమనిషి ఎవరని అడిగితే ఎవరైనా ఒకే పేరు చెబుతారు. రెండో పేరు లేదు గనుక చెప్పేవాళ్ళకు ఇబ్బంది కూడా లేదు. నల్లమ్మకు నలభై ఏడేళ్ళు. మనిషి పొట్టి, పీలగా ఉంటుంది. నోరు మాత్రం పొట్టిది కాదు. చెట్టు మీద నుంచి ఆమె మాట్లాడితే పక్క చేనులో వేరుశనగ కలుపు తీసేవాళ్ళు జవాబు చెబుతారు.

పదిహేడో ఏట బసప్పను పెళ్ళాడి వచ్చేనాటికి ఆ ఇంట్లో చెట్టెక్కేవాడు మామ ఒక్కడే. ఏటా ఎండాకాలం మొదట్లో రైతుల గట్ల మీది చింతచెట్లు గుత్తకు పట్టడం, పండు దులిపి, గింజ తీసి, హిందూపురం మార్కెట్టుకు తోలడం, ఇదే ఆ ఇంటి బతుకు. మామకు చూపు మందగించిన ఏడు, కొడుకు ఎక్కక తప్పని పరిస్థితి వచ్చింది. బసప్ప మంచివాడు, ఎంత పనైనా చేస్తాడు, కానీ బండి మీద నిలబడితేనే కళ్ళు తిరుగుతాయి. రెండు రోజులు చెట్టు కింద నిలబడి పైకి చూశాడు. మూడో రోజు చూడటానికే చెమటలు పట్టి కూలబడ్డాడు. నల్లమ్మ ఇక ఓర్చుకోలేక చీర గోచీ బిగించి తానే ఎక్కేసింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని రెండేళ్ళు నవ్వారు. మూడో ఏటి నుంచి నల్లమ్మ ఎక్కుతానంటేనే చెట్టు ఇస్తామని రైతులు మెలిక పెట్టడం మొదలుపెట్టారు.

దానికి కారణం ఆమె మడమ. మిగతావాళ్ళు పొడుగాటి కర్రలతో కొమ్మల్ని బాదుతారు. బాదితే పండుతో పాటు లేత చిగుళ్ళు కూడా విరిగి మరుసటేడు కాపు తగ్గుతుందని రైతుల గోల. నల్లమ్మ కర్ర ముట్టదు. పైకొమ్మను రెండు చేతులా పట్టుకొని, కింది కొమ్మ మీద నిలబడి, కుడి మడమతో ఒక తన్ను తంతుంది. కొమ్మ జల్లుమంటుంది. పండినదంతా రాలుతుంది, పండనిది చెట్టునే ఉంటుంది. ఎంత గట్టిగా తన్నాలో ఆ మడమకే తెలుసు. వాళ్ళ మాటలో దాన్ని గుదికాలంటారు. "నా గుదికాలు బాగుండేదాకా మా ఇంట్లో కూటికి తక్కువ లేదు" అని ఆమె ఎవరితోనైనా పందెం కాసేది. ఎవరూ పందేనికి దిగేవాళ్ళు కారు.

అలాంటి మనిషి, పాతికేళ్ళకు పైగా కొమ్మల మీద ఒక్కసారి కూడా జారని మనిషి, పోయినేడు శివరాత్రికి వారం ముందు నేల మీద దెబ్బతింది. దిగేటప్పుడు చివరి కొమ్మ నుంచి దూకడం ఆమె అలవాటు. రెండు నిలువుల ఎత్తు. ధబ్బుమని దిగితే పండు ఏరే ఆడవాళ్ళు ఉలిక్కిపడి తిడతారు, ఆ తిట్లు ఆమెకు సరదా. ఆ రోజు కింద పరిచిన పట్ట అడుగున ఒక రాయి ఉండిపోయింది. కుడి మడమ సరిగ్గా దాని మీదే దిగింది.

మడమ కూడా విరుగుతుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. కాలు విరగడం చూశారు, చెయ్యి విరగడం చూశారు. మడమంటే బెణుకే అనుకున్నారు. బెణుకుకు మందు తెలియని ఇల్లా అది? అత్త ఓబమ్మ చింతాకు ఉడకబెట్టి, పొగలు కక్కుతుండగానే మడమ చుట్టూ మెత్తి, పాత చీర పేలికతో బిగించి కట్టింది. చల్లారగానే ఇంకో వాయి వెయ్యమని నల్లమ్మే అడిగింది. నొప్పి ఎంత ఎక్కువైతే మందు అంత బాగా పని చేస్తోందని అత్తాకోడళ్ళు ఒకరికొకరు నచ్చజెప్పుకున్నారు. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళకు ఏకాభిప్రాయం కుదరడమే అరుదు, కుదిరింది ఇలాంటి దాని మీద. మూడో రోజు కట్టు విప్పితే కాలు గుమ్మడికాయంత ఉంది, మడమ బయటి పక్కంతా నీటిపొక్కులు. బసప్ప జన్మలో మొదటిసారి ఎవరినీ అడగకుండా ఒక పని చేశాడు. ఆటో పిలిచాడు.

అనంతపురంలో ఎముకల ఆసుపత్రి. అక్కడ ఇద్దరు డాక్టర్లు. పెద్దాయన రామాంజనేయులు ముప్పై ఏళ్ళుగా ఎముకలు అతికిస్తున్నాడు. రెండో ఆమె కృపాకుమారి, బత్తలపల్లె పిల్ల, చదువు ముగించి వచ్చి నాలుగేళ్ళయింది. స్కాన్ తీయించి చూస్తే మడమ ఎముక ఐదు ముక్కలైంది. దాని పైన కీలు ఆనే భాగం లోపలికి కుంగిపోయింది. అలాగే వదిలేస్తే ముక్కలు ఎగుడుదిగుడుగా అతుక్కుంటాయనీ, చదును నేల మీద కుంటుకుంటూ నడవచ్చు గానీ గట్టు కనిపిస్తే భయపడాల్సి వస్తుందనీ పెద్దాయన ఓపికగా చెప్పాడు. అంతా విని నల్లమ్మ అడిగింది ఒక్కటే.

"సారూ, నేను మళ్ళీ తన్నొచ్చునా?"

డాక్టర్లిద్దరూ బసప్ప వైపు అనుమానంగా చూశారు. బసప్ప కంగారుపడి, తన్నేది తనను కాదనీ చెట్టుననీ చెప్పుకోవలసి వచ్చింది. ఆ తర్వాత వారం రోజులు ఆసుపత్రిలో నర్సులు అతన్ని చూసినప్పుడల్లా మొహం తిప్పుకొని నవ్వారు.

ఆపరేషన్ తప్పదు. ఎలా చెయ్యాలన్న దాని మీదే డాక్టర్లకు పడలేదు. పెద్దాయన పద్ధతి, మడమ బయటి పక్క పైనుంచి కిందికి కోసి, అరికాలి అంచు వెంట ముందుకు తిప్పి, చర్మాన్ని తలుపులా తెరవడం. ఐదు ముక్కలూ కళ్ళెదుట ఉంటాయి. ఒక్కొక్కటీ చోటికి చేర్చి, పైన రేకు పెట్టి మరలు బిగిస్తే కదలదు. చిక్కల్లా అక్కడి చర్మంతోనే. పలచటిది, నెత్తురు సరిగా అందదు, కోసిన మూల నల్లబడి చీము పట్టడం కద్దు. కృపాకుమారి పద్ధతి వేరు. చీలమండ కింద రెండు వేళ్ళ పొడవు గాటు పెట్టి, అందులోంచి కుంగిన కీలును పైకి లేపి, మిగతా ముక్కల్ని ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ మరలతో బిగించడం. గాయం త్వరగా మానుతుంది. కానీ ఎముకంతా కంటికి కనబడదు, చేసేవాళ్ళకు చెయ్యి తిరిగి ఉండాలి, పైగా ముక్కలు అతుక్కోక ముందే చెయ్యాలి.

మామూలుగానైతే పెద్దాయన మాటే నెగ్గేది. చింతాకు అడ్డం పడింది. ఆయన ఎక్కడ కోద్దామనుకున్నాడో పొక్కులు వరసగా అక్కడే ఉన్నాయి. అవి పూర్తిగా మానాలంటే మూడు వారాలు. అప్పటికి ముక్కలు తమకిష్టమైనట్టు అతుక్కుంటాయి. చీలమండ కింద మాత్రం చర్మం బాగుంది, కట్టు అంత పైకి పోలేదు. అయినా చూడకుండా బిగించడానికి తనకు ధైర్యం చాలదని పెద్దాయన, పాడైన చర్మాన్ని కొయ్యడానికి తనకు ధైర్యం చాలదని కృపాకుమారి, మంచం పక్కనే నిలబడి వాదించుకున్నారు. మంచం మీదున్న మనిషిని ఇద్దరూ మరిచిపోయారు. నల్లమ్మను మరిచిపోవడం అంత తేలిక కాదు.

"ఇద్దరూ నాకు చెప్పండి. ఎన్ని చేసినారు, అవిట్లో ఎన్ని చెడిపోయినాయి?"

ఆసుపత్రిలో ఈ ప్రశ్న ఎవరూ అంత సూటిగా అడగరు. పెద్దాయన లెక్కలేనన్ని చేశాననీ, వందకు పదిహేను ఇరవై మందికి గాయం సతాయించిందనీ దాచకుండా చెప్పాడు. ఏడాది తిరిగాక నడకలో రెండు పద్ధతులకూ పెద్ద తేడా కనబడదనీ, తేడా అంతా గాయం మానడంలోనే అనీ ఆయనే ఒప్పుకున్నాడు.

"నలభై మూడు చేసినా, అక్కా" అంది కృపాకుమారి. "రెండిటికి చీము పట్టింది. ఒకాయన ఇంకా కుంటుతాండాడు. ఆయనది నేను సరిగా లేపలేకపోయినా."

నల్లమ్మ ఆ పిల్ల ముఖం కాసేపు చూసింది. తన తప్పు తానే చెప్పుకొనే మనిషి మీద ఆమెకు మొదటినుంచీ గురి.

"మా ఇంట్లో గింజ రెండు రకాలుగా తీస్తాము సారూ" అంది పెద్దాయనతో. "కొట్టి పరిస్తే గింజలన్నీ కండ్లకు కనపడతాయి. కరిపులి అని మేలు రకం పండు ఉంటాది, అది అట్ల కాదు. పక్కన సన్నగా గాటు పెట్టి, వేలితో తడిమి తీస్తాము. పండు రూపు చెడదు. కండ్లకు కనపడకపోయినా వేలికి తెలుస్తాది. ఈయమ్మ వేలికి తెలిసేటట్లుండాది. నువ్వు పక్కన నిలబడుకో."

పెద్దాయన నవ్వాడు. ముప్పై ఏళ్ళుగా తాను కొట్టి పరిచే రకమని తనకు ఇప్పుడే తెలిసిందన్నాడు. పక్కన నిలబడతానని మాటిచ్చాడు. డాక్టర్లలో ఈ గుణం ఎంత అరుదో ఆసుపత్రుల చుట్టూ తిరిగినవాళ్ళకు చెప్పనక్కర్లేదు.

వాపు తగ్గి, గాటు పెట్టేచోట చర్మం ముడతలు పడాలన్నారు. ఆడవాళ్ళు ముడతలు వద్దని మొక్కుకుంటారు గానీ, నల్లమ్మ పొద్దున లేస్తూనే ముడతల కోసం కాలు చూసుకునేది. పదో రోజుకు సన్నటి గీతలు కనిపించాయి. అప్పుడు ఆమె వార్డంతా పిలిచి చూపించింది.

నడుము నుంచి కిందికి మత్తు ఇచ్చారు గనుక ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ ఆమెకు మెలకువే. తెర అవతల ఏం జరుగుతున్నదో కనబడదు. గంట గడిచాక ఉండబట్టలేక, గింజ దొరికిందా అని అడిగింది. దొరికిందనీ, నోరు మూసుకొని పడుకొమ్మనీ కృపాకుమారి గొంతు వినిపించింది. ఆ పక్కనే పెద్దాయన గాటు అంచును కొక్కెంతో పట్టుకొని, ఇంకొంచెం పైకి లేపు, ఆ, చాలు, అంటున్నాడు. ఆ చాలు అన్న మాటతో నల్లమ్మ కళ్ళు మూసుకుంది.

గాయం పన్నెండు రోజుల్లో శుభ్రంగా మానింది. ఆరు వారాలు కాలు నేలకు ఆనించకూడదన్నారు. ఆమె మంచం మీదే కూర్చొని, గింజ తీసే ఆడవాళ్ళందరినీ చుట్టూ కూర్చోబెట్టుకొని ప్రతి పండుకూ వంక పెట్టింది. చింత చచ్చినా పులుపు చావలేదని ఓబమ్మ నవ్వితే, చింతాకు పేరెత్తవద్దని కోడలు కసిరింది. మూడు నెలలకు కర్ర పారేసి నడిచింది. ఎముక గట్టిగా అతికిందనీ, అయితే పాదం పక్కలకు మునుపటంత ఒరగదనీ, ఏటవాలు కొమ్మల జోలికి పోవద్దనీ కృపాకుమారి చెప్పింది. చెట్టే ఎక్కవద్దని చెబితే ఈ మనిషి వినదని ఆమెకు తెలుసు, అందుకే అంతవరకే చెప్పింది.

ఊళ్ళో ఎవరికీ తెలియనిది ఒకటుంది. ఏడాది పొడుగునా నల్లమ్మ ఆ కాలును ఒక్కసారి కూడా గట్టిగా మోపలేదు. గడప దాటినా, గట్టు దిగినా కుడికాలు పిల్లిలా పెట్టేది. నోటితో మాత్రం చెట్లన్నీ తానే దులుపుతానని గుత్తలు మాట్లాడింది. ఎముక అతికింది, ధైర్యమే అతకలేదు. ఆ సంగతి బసప్ప కనిపెట్టాడు గానీ అడగలేదు.

ఈ ఏడు పండు ఎండిన మొదటి రోజు ఆమె గోచీ బిగించి ఎక్కింది. చదునుగా ఉన్న కొమ్మ చూసుకొని నిలబడింది. పైకొమ్మ పట్టుకొని తన్నింది. ఎడమ కాలితో. నాలుగు పండ్లు రాలాయి. కింద ఆడవాళ్ళు నల్లమ్మ వచ్చిందని కేరింతలు కొట్టి ఏరుకోసాగారు. మళ్ళీ ఎడమ కాలితోనే తన్నింది. మరో నాలుగు. కుడికాలు ఎత్తబోయి మళ్ళీ కొమ్మకే ఆనించింది. భయమంటే ఇలా ఉంటుందని ఆమెకు నలభై ఎనిమిదో ఏట తెలిసింది. బరువంతా చేతుల మీద వేసి, కుడికాలు ఎత్తి, కళ్ళు గట్టిగా మూసుకొని తన్నింది.

కొమ్మ జల్లుమంది. వాన పడ్డట్టు పండు రాలింది. మడమలో ఒక చిన్న కలుక్కు పుట్టి, అంతలోనే పోయింది. ఇంకో తన్ను తన్నింది. మళ్ళీ కలుక్కుమంది, అదీ పోయింది. ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది, పైన ఎవరున్నారు గనుక, హాయిగా ఏడ్చింది. ముక్కు చీదుకొని కిందికి చూస్తే ఆడవాళ్ళంతా వంగి ఏరుతున్నారు. బసప్ప ఒక్కడే వంగలేదు. సరిగ్గా ఆమె కిందికి వచ్చి, తల వెనక్కి వాల్చి, రెండు చేతులూ పైకి చాపి నిలబడి ఉన్నాడు. పండ్లు ముఖం మీద పడుతున్నా కదలడం లేదు.

"ఏమప్పా, అట్ల నిలబడుకున్యావు? పండు ఏరుకో" అంది నల్లమ్మ.

"నువ్వు తన్నుకో" అన్నాడు బసప్ప. "నేనీడనే ఉంటా."

కళ్ళు తిరుగుతున్నాయని మాత్రం చెప్పలేదు.