వాళ్ళు దిగారట

మా పక్కింట్లో దిగిన పెద్దావిడ మాల్డోవా మనిషని తెలిసిన రోజు నాన్న రెండుసార్లు గడ్డం గీసుకున్నారు.

నాన్న పాత కమ్యూనిస్టు. సోవియట్ యూనియన్ ముక్కలయ్యాక విడిగా దేశమైన మాల్డోవాలో జనం ఓట్లేసి మరీ కమ్యూనిస్టుల్ని గెలిపించారు. ఆ కబురు తెలిసి నాన్న మా ఊళ్ళో వీధంతా మైసూర్‌పాక్ పంచారు. తర్వాత ఏమైందో మా ఊరి పేపర్లు రాయలేదు.

అమ్మది మాత్రం పెళ్ళినాటి నుంచీ ఒకటే మాట. "మీవాళ్ళు కుర్చీ ఎక్కితే మళ్ళీ దిగరు." కేరళలో ఓడితే దిగారుగా అని నాన్న అంటే, అమ్మ ఊరుకునేది కాదు. "అక్కడ పైన ఢిల్లీ ఉంది కాబట్టి దిగారు. దేశం మొత్తం చేతికిస్తే దిగుతారా?" దాంతో నాన్న పేపరు అడ్డం పెట్టుకునేవారు.

నేను మెడిసిన్ చదివింది రష్యన్‌లో, ఆ పెద్దావిడకీ ఆ భాష వచ్చు. అందుకని అమెరికాలో, ఫ్రీమాంట్‌లోని మా ఇంటి వరండాలో ఆ ఆదివారం నేనే దుబాసీని. ఆవిడ ఊరబెట్టిన పచ్చి టమాటాల సీసా పట్టుకొచ్చింది.

"మా పార్టీ పాలన ఎలా ఉండేదో అడుగమ్మా" అన్నారు నాన్న, కుర్చీ అంచున కూర్చుని.

ఆవిడ చాలాసేపు చెప్పింది. పెన్షన్ వేళకొచ్చేది, బాగానే ఉండేది, ఎనిమిదేళ్ళకి మొహం మొత్తింది. ఓటేసి తెచ్చుకున్నదీ తనే, ఓటేసి దింపిందీ తనే. ఆ మాట దగ్గర చేత్తో గుమ్మం వైపు ఊడ్చినట్టు చూపించింది.

దింపేశారన్న మాట నాన్నకి చెప్పబుద్ధి కాలేదు. "పెన్షన్ వేళకొచ్చేదట నాన్నా."

"ఆవిడ అంతసేపు మాట్లాడితే నువ్వు మూడు ముక్కలేనా? ఆ ఊడవడం ఏంటి?"

తప్పక మొత్తం చెప్పాను. నాన్న కుర్చీలో వెనక్కి వాలారు. చేతులారా ఆయన్ని బాధపెట్టానని నా మీద నాకే కోపమొచ్చింది.

"దిగారా? దేశం మొత్తం చేతిలో ఉండగా?"

"దిగారు నాన్నా."

ఆయన లేచి వంటింట్లోకి కేకేశారు. "ఏమేవ్! వాళ్ళు దిగారట!"

అమ్మ గరిటెతోనే వచ్చింది. "నిజంగా దిగారా, మళ్ళీ అడుగు." అడిగాను. పెద్దావిడ తలూపింది. అమ్మ గరిటె వంక చూసి, "సరే, ఒప్పుకున్నాను" అంది. యాభై ఏళ్ళలో మొదటిసారి. నాన్న నవ్వు వీధి చివరిదాకా వినబడి ఉంటుంది.

ఆవిడకేమీ అర్థం కాలేదు. "ఓడిపోయింది ఈయన పార్టీయే కదా, ఎందుకింత సంబరం?"

"పార్టీ ఓడితే ఓడింది, మా ఇంట్లో నేను గెలిచానని చెప్పు" అన్నారు నాన్న.

ఈసారి ఒక్క ముక్క వదలకుండా చెప్పాను.