రాయైపోయిన చెల్లెలు

జుట్టు సగానికి పైగా నెరిసినా వీధిలో అందరికీ ఆమె బుల్లెమ్మే. అసలు పేరు ఒకటి ఉంది గాని, దాంతో పిలిస్తే ఆమే పలకదు.

అక్కచెల్లెళ్లిద్దరిదీ కర్టెన్లు కుట్టే కొట్టు. కింద కొట్టు, మీద కాపురం. అక్క భర్త పోయాడు. పిల్లలు ఎవరి ఇళ్లలో వాళ్లున్నారు. బుల్లెమ్మ పెళ్లే చేసుకోలేదు. ఎవరైనా జాలిపడబోతే, "తీరిక దొరకలేదండీ" అంటుంది. ఆ మాటలో అబద్ధమూ లేదు.

ముందు బల్ల దగ్గర అక్క. వెనక గదిలో మిషను దగ్గర బుల్లెమ్మ. ఇళ్లకు వెళ్లి కిటికీలు కొలిచేది అక్క, బేరం కుదిర్చేది అక్క. మోకాళ్లు పట్టేసినా ఆ పని మాత్రం ఆవిడ వదల్లేదు. కొలతల పొడుగు టేపు బల్ల పక్కన మేకుకు వేలాడుతూ ఉంటుంది. దాన్ని అక్క తప్ప ఎవరూ ముట్టుకోరు. బుల్లెమ్మ దాకా వచ్చేవి అక్క తెచ్చిన కొలత, అక్క ఎంచిన గుడ్డ. చుట్టుపక్కల వీధుల్లో సగం కిటికీలకు ఆమె కుట్టిన తెరలే ఉన్నాయి. ఆ కిటికీల్లోంచి చూస్తే ఏం కనిపిస్తుందో ఆమెకు తెలియదు.

అలాగని ఆమె దిగులుపడే మనిషి కాదు. మిషను ఆమె మాట వింటుంది. మధ్యాహ్నం ఎండ బల్ల మీదికి వచ్చి కాసేపు కూచుని పోతుంది. కొత్త తాను మడత విప్పినప్పుడు లేచే వాసన ఎన్నిసార్లు పీల్చినా ఆమెకు విసుగు పుట్టదు.

కోరిక ఒక్కటే ఉంది. కిటికీ తెర దాచడానికి పుట్టింది. నాటకం తెర చూపించడానికి పుట్టింది. అలాంటిది ఒకటి తన చేతులతో కుట్టాలి. అది పక్కకు జరుగుతుంటే జనం మాటలు ఆపేయాలి. ఈ సంగతి ఎప్పుడో ఒకసారి అక్క చెవిన వేసింది.

"మన మిషనుకు అంత గుడ్డ ఎక్కడ పడుతుందే?" అంది అక్క.

అంతటితో సరి. అక్క కాదన్నదాన్ని బుల్లెమ్మ మళ్లీ ఎత్తదు. ఈ అలవాటు ఆమెకు ఒక కథల పుస్తకం నుంచి వచ్చింది.

చిన్నప్పుడు అమ్మా నాన్నా ఇద్దరూ పనికి పోయేవాళ్లు. బుల్లెమ్మను అక్కకు అప్పజెప్పి, తలుపు తీయొద్దని మరీ మరీ చెప్పి వెళ్లేవాళ్లు. ఇంట్లో ఒక్కటంటే ఒక్క పుస్తకం ఉండేది. అంతకుముందు అద్దెకున్నవాళ్లు అలమారలో వదిలేసి పోయింది. అట్ట లేదు, లోపల మాత్రం నిండా రాజకుమార్తెలు, రాక్షసులు, మాట్లాడే పక్షులు. బుల్లెమ్మకు ఇంకా అక్షరాలు రావు. అక్క గోడకు చేరబడి, పుస్తకం మోకాళ్ల మీద పెట్టుకుని పైకి చదివేది.

ఆ కథల్లో ఎప్పుడూ ముగ్గురు అక్కచెల్లెళ్లు. వీళ్లేమో ఇద్దరే. అందుకని మంచం మీది పొడుగు దిండుకు రిబ్బను కట్టి నడిపిదాన్ని చేశారు. నడిపిది నోట్లో నాలుక లేనిది. ఎక్కడ కూచోబెడితే అక్కడ కూచునేది.

బుల్లెమ్మకు అన్నిటికంటే ఇష్టమైనది కొండ కథ. కొండ కొన మీద మాట్లాడే పక్షి ఉంటుంది. ఎక్కుతుంటే వెనక నుంచి గొంతులు పేరు పెట్టి పిలుస్తాయి. తిరిగి చూశారా, అక్కడే రాయైపోతారు.

"ముందు చిన్నది బయల్దేరింది," అని చదివేది అక్క. "వెనక్కి చూసింది. రాయైపోయింది."

బుల్లెమ్మ చేతులు ముడుచుకుని రాయైపోయేది. ముక్కు మీద ఈగ వాలినా కదిలేది కాదు. తరవాత నడిపిది బయల్దేరేది, దబ్బున నేల మీద పడేది. చివరికి పెద్దది, ఎవరు పిలిచినా తిరిగి చూడకుండా, కొండెక్కి పక్షిని పట్టుకుని, మాయనీళ్లు తెచ్చి రాళ్ల మీద చల్లేది. అక్క చెంబులోవి మాయనీళ్లు కావు, మామూలు నీళ్లే. దిండు ఆరేసరికి సాయంత్రమయ్యేది. అమ్మ వచ్చి ఇద్దరికీ చెరొకటి తగిలించేది. నడిపిది మాత్రం తప్పించుకునేది.

వేరే కథ తీసినా వరస మారేది కాదు. రాక్షసుడికి తలుపు తీసింది చిన్నదే. అడవిలో దారి తప్పింది చిన్నదే. గట్టెక్కించింది మాత్రం ప్రతిసారీ పెద్దదే.

ఒక్కసారి బుల్లెమ్మకు అనుమానం వచ్చింది. కొండ కథకు బొమ్మ ఉంది. కొన మీద పక్షిని పట్టుకున్న పిల్ల, కింద ఆడపిల్లల ఆకారంలో రెండు రాళ్లు.

"అక్కా, పైన ఉన్నది ఇంత చిన్నగా ఉందేంటి? రాళ్లేమో పెద్దగా ఉన్నాయి?"

అక్క ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అది కొండ మీదుంది కదే! ఎత్తులో ఉంటే ఎవరైనా చిన్నగానే కనిపిస్తారు."

బుల్లెమ్మ కిటికీలోంచి చూసింది. ఎదురు మేడ మీద బట్టలారేస్తున్నావిడ వేలెడంత ఉంది. నిజమే అనుకుంది.

ఆమెకు కూడబలుక్కుని చదవడం వచ్చేలోగా వానకు కప్పు కారి పుస్తకం ముద్దయిపోయింది. కథలు మాత్రం అక్క చదివినట్టే ఆమెలో ఉండిపోయాయి. ముందు నడిచేది పెద్దది. గడప దాటిన చిన్నది రాయైపోతుంది. ఇది ఆమె ఎవరితోనూ అనలేదు, తనలోనూ అనుకోలేదు. కొట్టు వెనక గదిలో కూచుని సుఖంగా కుట్టుకుంది.

ఒకనాడు బళ్లో నాటకాలు వేయించే టీచరమ్మ కొట్టుకొచ్చింది.

"కొత్త హాలు కట్టారండీ మాకు. స్టేజీకి తెర కావాలి."

వెనక గదిలో మిషను ఆగింది.

"మేం కిటికీలే కుడతామమ్మా," అంది అక్క. "స్టేజీ అంటే మాటలా? ఆ బరువూ, ఆ పొడుగూ..."

"మా అత్తగారింట్లో మీ చెల్లెలుగారి కుట్టు చూసే వచ్చానండీ. గుడ్డ వెలిసిపోయింది గాని కుట్టు ఊడలేదు."

బుల్లెమ్మ చేతిలో కత్తెరతో గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ఏం నాటకమండీ?"

"పాత కథే. కొండ మీద మాట్లాడే పక్షి. పెద్దదీ నడిపిదీ రాళ్లైపోతారు, తెర పడుతుంది. మళ్లీ తీసేసరికి చిన్నది కొండ మీద ఉండాలి."

"పెద్దది కదండీ?"

"ఏది?"

"కొండ మీద ఉండేది."

"అబ్బే, చిన్నదేనండీ! ఈ కథల్లో ఎప్పుడూ చిన్నదేగా నెగ్గేది."

అక్క రింగుల డబ్బా కోసం బల్ల కిందికి వంగింది. డబ్బా బల్ల మీదే ఉంది.

తెర రంగు చూపించడానికి టీచరమ్మ సంచిలోంచి పుస్తకం తీసింది. కాగితం కొత్తది, బొమ్మ అదే. అదే కొండ, అవే రెండు రాళ్లు. బుల్లెమ్మ కళ్లజోడు సర్దుకుని బొమ్మ కింది వరస చదివింది. ఇంకో కథ తిప్పింది. దాని తరవాతిది తిప్పింది.

"అక్కా."

"ఆఁ," అంది అక్క, బల్ల కింద నుంచే.

"ఇందులో చిన్నదని ఉంది."

"అచ్చుతప్పు."

"అన్ని కథల్లోనూనా?"

"ఇప్పటి అచ్చు అలా ఏడిసింది. మన పుస్తకంలో పెద్దదే. నేను చదవలేదూ?"

ఇద్దరి మధ్యా ఏం జరుగుతోందో టీచరమ్మకు అర్థం కాలేదు. "పోనీలెండి, వేరేచోట కనుక్కుంటాను," అని పుస్తకం తీసుకుని మెట్లు దిగింది.

బుల్లెమ్మ బల్ల వైపు చూసింది. అక్క నెరిసిన ముడి ఒక్కటే కనిపిస్తోంది. కోపం వస్తుందేమోనని ఆగి చూసుకుంది. తడిసిన దిండు గుర్తొచ్చి నవ్వొచ్చింది. అచ్చులో పెద్దది పొగరుబోతైనా అవుతుంది, రాయైనా అవుతుంది. పొద్దస్తమానం చెల్లెల్ని చంకనేసుకు తిరిగే పిల్ల అలాంటి కథ ఎందుకు చదువుతుంది?

నవ్వు వెనకాలే ఇంకో సంగతి తట్టింది. అసలు కథలో చిన్నది రాయి కాలేదు.

కత్తెర పక్కన పెట్టి, మేకు మీది టేపు తీసుకుని, బుల్లెమ్మ గడప దాటింది.

"బుల్లీ! ఎక్కడికే?"

ఆమె నడిచింది.

"చెప్పులైనా వేసుకోవే!"

నేల కాలుతోంది. నడిచింది.

"ఏమేవ్, పైన పొయ్యి మీద పాలున్నాయే! నా మోకాళ్లతో నేనెక్కలేను! పొంగిపోతాయి!"

ఇది మాత్రం గట్టి గొంతు. మెడ దానంతటదే సగం తిరిగింది. "పొంగనీ," అని బుల్లెమ్మ పైకే అంది. మెడను ముందుకు తిప్పుకుంది. మలుపు దగ్గర టీచరమ్మను అందుకుంది.

"నేను కుడతానండీ," అంది రొప్పుతూ. "పదండి, కొలత ఇప్పుడే తీసుకుంటాను."

హాల్లో కొత్త సున్నం వాసన. బడి వాచ్‌మన్ నిచ్చెన పట్టుకున్నాడు. బుల్లెమ్మ చీర కొంగు నడుముకు దోపుకుని ఎక్కింది. తెర వేలాడాల్సిన ఇనుప కడ్డీకి ఒక చెయ్యి వేసి తల తిప్పితే, హాలు చివర కిటికీ, దానవతల వీధి, వీధి చివర వాళ్ల కొట్టు. కొట్టు తలుపు వేసి ఉంది.

హాలు గుమ్మంలో అక్క నిలబడి ఉంది. చేతిలో బుల్లెమ్మ చెప్పులు.

"సగం పాలు పొయ్యి పాలు," అంది ఆయాసపడుతూ. "మెట్లెక్కి నేనే దింపాను."

"పొయ్యి నేను కడుగుతాలే. వచ్చినదానివి ఆ కొస పట్టుకో."

"నువ్వు కొలిస్తే మూరెడు తక్కువొస్తుంది. అందుకే వచ్చాను."

అక్క చెప్పులు స్టేజీ అంచున పెట్టింది. మోకాలు పట్టుకుని మెల్లిగా కూచుని, టేపు కొసను నేలకు అదిమి, తలెత్తి చూసింది.

"బుల్లీ, ఇక్కణ్ణించి ఇంతే ఉన్నావే," అంది చూపుడు వేలు పైకెత్తి.

"ఎత్తులో ఉంటే ఎవరైనా అంతే కదక్కా."

అక్క పెదవి బిగపట్టింది. అయినా బుగ్గలు ఆగలేదు.

"మాటలు చాలు గాని, ఎంతొచ్చిందో చెప్పు," అంది.

బుల్లెమ్మ కొలత చదివింది. అక్క దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి చెప్పింది.